బెల్లం నీళ్ల గోడ

బోధన్ దాటి చెరకు తోటల్లోకి మలుపు తిరిగితే మా అత్తింటివారి గడి, పాతకాలపు దొరల కోటలాంటి ఇల్లు. అది ఎప్పుడో కూలింది. మిగిలినవి ఎడ్ల కొట్టం, బెల్లం వండిన పాక, ధాన్యం కొట్టు. మధ్యాహ్నం చెరకాకుల గలగలలో ఆ మూడూ కునుకు తీస్తున్నట్టుంటాయి. నాకు వాటి మీద పిచ్చి ప్రేమ. మా ఆయన దగ్గర మాత్రం జేసీబీ వాడి నంబరుంది. కొట్టు గోడ ఉబ్బింది, బాగుపడకపోతే వానల్లోగా కూల్చేద్దామన్నాడు.

నర్సన్నను పిలిపించాను. పాత గోడలకు వాడే డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీ ఈ చుట్టుపక్కల ఆయనొక్కడే. బెల్లం, కరక్కాయ తొట్టిలో నానిన నీళ్లతో సున్నం కలపాలి. ఆ నీళ్లలో తీపి పోయి వగరు మిగిలిందో లేదో నాలుకే చెప్పాలట. ఆయన భార్య సత్తవ్వ నలభై ఏళ్లుగా తట్టలు మోస్తోంది.

నాలుగో రోజు నర్సన్న ఆ నీళ్ల చుక్క నాలుకకు రాసుకుని "అయింది" అన్నాడు.

"ఇంకో రెండొద్దులు ఉండనియ్యి," అంది సత్తవ్వ.

"నీకేం ఎరుక? తట్ట ఎత్తు."

వారం తిరక్కముందే కొత్త పూత పెచ్చులు పెచ్చులుగా రాలింది. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన ఫోన్ తీశాడు.

నర్సన్న తొట్టి దగ్గర తల దించుకుని కూర్చున్నాడు. సత్తవ్వ పక్కన చేరింది.

"జరమొచ్చినకాడికెళ్లి నీ నోటికి రుచి తెల్వది గదా," అంది మెల్లగా.

"నీకెవలు చెప్పిండ్రు?"

"మూడొద్దులు ఉప్పెయ్యకుంట వండిన. ఒక్కమాట అనకుంట తిన్నవ్."

కూరకు వంక పెట్టని పూట లేదట ఆ మనిషికి. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. మా ఆయన్ని బతిమాలి మరో పది రోజులు గడువు తీసుకున్నాను.

ఈసారి సత్తవ్వ రుచి చూసింది. ఎండ చల్లబడ్డాక తొట్టి ముందు కూర్చుని, వేలు ముంచి నాలుకకు రాసుకుని, కళ్లు మూసుకుని ఎక్కడికో వెళ్లిపోయేది. పాకలో ఆరిపోయిన పొయ్యిలన్నీ మళ్లీ రాజుకున్నట్టు, పచ్చి బెల్లం వాసన గాలిలో తేలుతున్నట్టు నాకూ అనిపించేది. ఆరో రోజు "ఇగ కలుపుండ్రి" అంది.

తొలకరి మూడు రోజులు విడవకుండా కురిసింది. గోడ కదల్లేదు. మా ఆయన పిడికిలితో గుద్ది చూసి, "మేస్త్రీ, ఎడ్ల కొట్టం కూడా నువ్వే పట్టు" అన్నాడు.

నర్సన్న భార్య వైపు తిరిగాడు.

"మేస్త్రీ, రేపటి పనేంది?"

సత్తవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పొద్దుగాల్ల సున్నం నానెయ్యి," అంది. "ఆల్శెం జెయ్యకు."