సర్వోను ఎంచిన చెయ్యి

పొద్దున పదకొండింటికి షట్టర్ లేపి, అగరుబత్తి ముట్టించాక విజయ చేసే మొదటి పని గిరాకీలను మనసులో తిట్టుకోవడం. అబిడ్స్ సందులో మెట్లెక్కి పోవాల్సిన ఆ ఇరుకు దుకాణంలో ఆమె రిమోట్ విమానాల సర్వోలు అమ్ముతుంది, బాగుచేస్తుంది. సర్వో అంటే అగ్గిపెట్టెంత మోటారు. కింద రిమోట్ మీద వేలు కదిపితే పైన విమానం రెక్కను గుంజేది అదే. వేల రూపాయలు పోసి విమానం కొన్న మహారాజులు సర్వో దగ్గరికి వచ్చేసరికి బేగం బజార్‌లో చింతపండుకు ఆడినట్టు బేరమాడతారు. థూ!

ఆ దుకాణంలో సర్వోను టెస్టర్‌కు తగిలిస్తే, దాన్ని ఎంచినవాళ్ల కుడిచెయ్యి దాంతోపాటు తిరుగుతుంది. సర్వో వణికితే చెయ్యి వణుకుతుంది. అందుకే గిరాకీలు చాయ్ గ్లాసులు ముందే కింద పెడతారు. హిమాయత్‌నగర్ డాక్టరు ఒకాయన తన ముక్కు తానే గుద్దుకొని, గేరు మార్పించుకొని పోయాడు.

ఆ శనివారం నాంపల్లి బడి నుంచి ముగ్గురు వచ్చారు. ముందు సైన్సు మాస్టరు విద్యాసాగర్, ఆయనకంటే ముందు ఆయన పొట్ట. వెనక ప్రిన్సిపాల్ అనురాధ. చివరన, బడిలో విమానాలు ఎగరేయడం నేర్పే శ్రావణ్. మొన్న వార్షికోత్సవం నాడు అతను ఎగరేసిన విమానం షామియానా చించుకొని ముఖ్య అతిథి కుర్చీలో పడింది. అతిథి ఆలస్యంగా రాబట్టి బతికిపోయాడు. శ్రావణ్‌ను కొలువులోంచి తీసేసే కాగితం ప్రిన్సిపాల్ సంచిలో తయారుగా ఉంది.

"సర్వో మంచిగనే ఉందని ఒక చీటీ రాసియ్యమ్మా," అన్నాడు విద్యాసాగర్. "తప్పంతా ఎగరేసినోనిదే. సర్వో ఎంచింది గూడ ఈయనే. బిల్లు ఈయన పేరు మీదనే ఉంది, చూస్కో."

శ్రావణ్ నేల చూపులు చూస్తున్నాడు. ఇంట్లో నెలల పిల్ల, చేతిలో వేరే పని లేదు, అయినా కాదు అని ఒక్క మాట అనడు. నోట్లో నాలుక లేని మనిషి! విజయకు ఒళ్లు మండింది.

వాళ్లు తెచ్చిన విమానం తోక సర్వో మూత విప్పి వాసన చూసింది. "ఇదేంది, కుట్టుమిషన్ నూనె వాసనొస్తుంది?"

"కిర్రుమంటుంటే రెండు చుక్కలు పోయించిన," అన్నాడు విద్యాసాగర్.

"గిదేమన్న సైకిల్ చైనా సారూ? రెండున్నర కిలోల విమానం తోకకు తొమ్మిది గ్రాముల ప్లాస్టిక్ గేర్ల సర్వో పెడ్తరా? బర్రెను దారంతోని కట్టేస్తరా మీ ఇంట్ల?"

ఆయన రెండు చేతులూ ప్యాంటు జేబుల్లోకి దూర్చాడు. బిల్లు మీద పేరు మారిస్తే చెయ్యి కూడా మారుతుందనుకున్నాడు కాబోలు, చదువుకున్న మూర్ఖుడు.

విజయ ఆ సర్వోను టెస్టర్‌కు తగిలించి మీట తిప్పింది. బల్ల మీద శ్రావణ్ చెయ్యి ఉన్నచోటే ఉంది. విద్యాసాగర్ కుడి జేబు మాత్రం కుతకుతలాడింది, కుట్లు పటపటా ఊడాయి, చెయ్యి గజగజ వణుకుతూ పైకి లేచి చెవి పక్కన ఆగిపోయింది.

"బీపీ... బీపీ మేడం," అన్నాడు.

"బీపీ కాదు. వణికింది చూసిన్రా, లోపల ఎంత తిరిగిందో కొలిచే పాట్ అరిగింది. గాడ ఆగింది చూసిన్రా, గేరు పండ్లు ఊడినయి. ఆ రోజు తోక రెక్క గిట్లనే ఆగింది. ఇగ ఎవ్వరు రిమోట్ పట్టినా ఆ విమానం లేవదు."

అనురాధ ఆ ఎత్తిన చేతిని కాసేపు చూసింది. సంచిలోంచి కాగితం తీసి నాలుగు ముక్కలుగా చింపింది. "ఇగ నుంచి సర్వోలు మీరు ముట్టకండి సార్," అంది.

సర్వోను పీకేసినా ఆయన చెయ్యి దిగలేదు. గేరు మంగళవారం గానీ రాదని విజయ చల్లగా చెప్పింది. ఆయన అట్లాగే మెట్లు దిగి రోడ్డు మీద నిలబడితే మూడు ఆటోలు వచ్చి ఆగాయి.

"శ్రావణ్, కొత్తది నువ్వే ఎంచు," అంది అనురాధ.

మూడేళ్లుగా ఆ దుకాణానికి వస్తున్నాడు గానీ, అతనితో ఎవరూ ఆ మాట అనలేదు. తళతళలాడేవన్నీ వదిలేసి, ఎంత బరువు లాగుతుందో రెండుసార్లు అడిగి, లోహపు గేర్లున్న నల్లటిది ఒకటి తీశాడు. విజయ విసుక్కోకుండా జవాబు చెప్పి దాన్ని టెస్టర్‌కు తగిలించింది.

శ్రావణ్ కుడిచెయ్యి బల్ల మీద నుంచి లేచింది. వణకలేదు. పైకి పోయి, కిందికి వచ్చి, సరిగ్గా నడుమ నిలిచింది. అతను ఆ చేతిని చూసుకుంటూ ఏడ్చాడు.

"పక్కకు జరిగి ఏడు తమ్మీ," అంది విజయ. "సర్వో తడుస్తది."