ఏడుపు ప్లేటు

నిజామాబాద్ దేవిదాసు మంచివాడే. గడియారాలు బాగుచేస్తాడు, అన్న మాట మీద నిలబడతాడు. కానీ వాడికో జబ్బుంది. ఎప్పుడో యాభై ఎనిమిదిలో బొంబాయి వెళ్లి, ఏదో హోటల్లో జాజ్ వాళ్లు వాయిస్తుంటే విన్నాడు. ఒక్కటంటే ఒక్క సాయంత్రం. ఆరేళ్లయినా వాడికి ఆ సాయంత్రం ఇంకా అయిపోలేదు.

నేను గ్రామఫోను మీద బాకా ప్లేటు పెట్టి, "ఇక్కడ వినవయ్యా, స్వరాన్ని ఎలా వంచాడో!" అంటానా, వాడు పెదవి విరిచేవాడు.

"మంచిగనే ఉంది బసవన్నా. గానీ కండ్ల ముందట విన్నోనికి ప్లేటు ఏం ఆనుతది?"

కండ్ల ముందట! ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

నేను గుంటూరు వైపు నుంచి కాలువ నీళ్లను నమ్ముకుని వచ్చి, బోధన్‌లో ఇల్లు కట్టుకుని చెరకు పండిస్తున్నవాణ్ణి. ఉద్యోగం మానేసి వెళ్లిపోతూ ఒక ఇంజినీరు తన గ్రామఫోనూ ప్లేట్లూ నాకు అంటగట్టిపోయాడు. వాటితోపాటు పిచ్చి కూడా అంటుకుంది. ఈ చుట్టుపక్కల అమెరికా నల్లవాళ్ల జాజ్, బ్లూస్ పాటల పిచ్చివాళ్లం నేనూ దేవిదాసూ ఇద్దరమే. మా ఆవిడ నాగకుమారిని లెక్కలో వేయడానికి లేదు. నేను కీ తిప్పుతుంటేనే ఆమె పెరట్లోకి నడుస్తుంది.

దేవిదాసు దగ్గర ఒక ప్లేటుంది. బొంబాయి పాతసామాన్ల బజారులో కొన్నాడు. మధ్యలో కాగితం ఊడిపోయింది కాబట్టి పాడినామె పేరు తెలియదు. అమెరికా నల్లావిడ అని మాత్రం వాడు చెబుతాడు. ఒక వరుస పాడుతుంది, మళ్లీ అదే పాడుతుంది, ఆమె ఊపిరి తీసుకునే ఖాళీలో బాకా జవాబు చెబుతుంది. ఆ ప్లేటు నాకు కావాలి. వాడు ఇవ్వడు, అమ్మడు, ఒక్క పూట నా ఇంట్లో వదలడు. ప్రతి ఆదివారం తువ్వాల్లో చుట్టి తెస్తాడు, చుట్టి పట్టుకుపోతాడు.

ఒకరోజు ఉండబట్టలేక అన్నాను. "నీ బొంబాయిని తలదన్నేది ఇక్కడ వినిపిస్తే ఏమిస్తావు?"

వాడు పకపకా నవ్వాడు. "బోధన్లనా? చెరుకు బండ్ల కిర్రు తప్ప ఏముందన్నా ఈడ? కండ్ల ముందట బొంబాయిని మించింది ఒక్కటి ఇనిపియ్యి, ఈ ప్లేటు ఈడనే ఇడిసిపోత. ఒట్టు!"

ఒట్టయితే వేయించుకున్నాను గానీ ఎవర్ని తేను? పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదే రాజలింగును మరుసటి ఆదివారం పిలిచి, దేవిదాసు ప్లేటు మూడుసార్లు వినిపించి, అలా ఊదమన్నాను. "గీ ప్లేటుల తప్పులున్నయి సారూ, నేను సక్కగ ఊదుత" అని పెళ్లికూతుర్ని అప్పగించే పాట ఊదాడు. దేవిదాసు ప్లేటు చుట్టుకుని బస్టాండుకు పోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ పై ఆదివారం నాగకుమారి వర్నిలో వాళ్ల అక్క ఇంటికి వెళ్లింది. ఆమె ఉంటే పాట వీధిలోకి వినపడకుండా తలుపు వేయించేది; ఆరోజు తలుపు బార్లా తెరిచే ఉంది. మధ్యాహ్నం దేవిదాసు వచ్చాడు, కొత్త చెప్పులు గడప దగ్గర విడిచాడు, చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. ముఖం మీద తువ్వాలు కప్పుకున్నాడు. ఎప్పుడూ అంతే. కండ్ల ముందట, కండ్ల ముందట అని నా ప్రాణం తోడేవాడు వినేది మాత్రం అలా! నేను గ్రామఫోను ముందు కూర్చుని ముల్లు దించాను. నల్లావిడ పాట ఎత్తుకుంది.

ఎదురింటి సాయవ్వ అప్పుడే మా గడప ముందు నుంచి పోతోంది. మా వీధిలో ఎవరు పోయినా మొదటి శోకం ఆమెదే. ఆమె ఏడుపు మొదలుపెడితే పోయినవాడి అప్పులవాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటారు. అలాంటి సాయవ్వకు మా ఇంట్లోంచి ఆడగొంతు ఏడుపు వినిపించింది. తొంగి చూస్తే, ప్రతి ఆదివారం నిజామాబాద్ నుంచి వచ్చే మనిషి చాప మీద, ముఖం మీద గుడ్డ కప్పి! ఇంకేం కావాలి? చక్కా లోపలికొచ్చి, వాడి తలదగ్గర కూలబడి, గుండెలు బాదుకుంటూ ఎత్తుకుంది.

"ఓ కొడుకా, నిజాంబాద్ బస్సెక్కి వస్తివి కొడుకా! మల్ల బస్సెక్కకుంటనే పోతివా కొడుకా!"

నేను ఆపాలి. నిజమే. నోరు తెరిచాను కూడా. కానీ నల్లావిడ ఊపిరి తీసుకునే ఖాళీ ఉంది చూశారూ, బాకా జవాబు చెప్పే చోటు, సరిగ్గా అక్కడ పడింది సాయవ్వ గొంతు! నల్లావిడ రెండో వరుస పాడింది. సాయవ్వ ఆగింది. నల్లావిడ ఆపగానే సాయవ్వ అందుకుంది.

"కొత్త చెప్పులు గడప కాడ ఇడిస్తివి కొడుకా! అవి ఎవల కాళ్లకు తొడగాలె కొడుకా!"

బాకా ఎటు పోయిందో తెలియలేదు. ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో పుట్టినట్టు ఏడ్చారు. తువ్వాలు ముఖం మీదే ఉంది గానీ దేవిదాసు పొట్ట ఎగిరెగిరి పడుతోంది. సాయవ్వ కళ్లు మూసుకుని ఉండబట్టి సరిపోయింది.

ప్లేటు అయిపోయింది. దేవిదాసు లేచి కూర్చున్నాడు.

"ఓరి నీ పాడుగాను! పీనుగ లేసింది!" అని సాయవ్వ అదే తువ్వాలుతో వాడి వీపు మీద నాలుగు బాదింది. "సావకుంట పండుకుంటవా? గంత మంచి ఏడుపు దండుగ చేస్తివి గదరా!"

వాడి ముఖం నిండా నీళ్లు. దెబ్బలకు కాదు. "బొంబాయిల డబ్బు కట్టి విన్న అవ్వా. ఆడ ఎవ్వలు నాకోసం ఏడ్వలే" అన్నాడు.

ఆమె చల్లబడి గ్రామఫోను వైపు చూసింది. "గీమె ఎవలు? ఎవల కోసం ఏడుస్తుంది?"

"మొగడు పోయిండవ్వా" అన్నాడు దేవిదాసు.

"అయ్యో! ఏం రోగమొచ్చి సచ్చిండు?"

"సావలే. ఇంకోదాన్ని తోల్కపోయిండు."

"థూ! గాడు సస్తే ఒక్కపారి ఏడ్సి ఊకుండేది పాపం!"

దేవిదాసు ప్లేటు తీశాడు. నేను రెండు చేతులూ చాచాను. వాడు నన్ను దాటిపోయి సాయవ్వ ఒళ్లో పెట్టాడు. "ఒట్టేసిన. గెలిసింది గీమెనే."

గ్రామఫోను నాది, ఇల్లు నాది, ఆలోచన నాది! చెడ్డ కోపమొచ్చింది. కానీ ఏ నోటితో కాదంటాను?

పై ఆదివారం సాయవ్వ కొంగులో ప్లేటు పెట్టుకుని తనే వచ్చింది. ముగ్గురం కూర్చుని విన్నాం. అయిపోగానే మళ్లీ పెడదామని కీ తిప్పబోతే నా చేతి మీద ఫట్‌మని కొట్టింది.

"బుద్ధుందా బసయ్యా? ఇప్పుడే గంత ఏడ్సింది. ఊకూకె ఏడిపిస్తే గొంతు పోదా?"

"అది ప్లేటు అవ్వా, దానికేం కాదు" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "ఊరందరికి నేనేడ్సిన. నాకు బిడ్డ లేదు. నేను పోయిన్నాడు గీమెనే ఏడ్వాలె. గప్పటిదాంక దాని గొంతు మంచిగుండాలె" అంటూ ప్లేటును కొంగుతో తుడిచింది.

దేవిదాసు తన తువ్వాలు ఇచ్చాడు, ప్లేటుకు చుట్టమని. నేను గ్రామఫోను మూత వేశాను. అప్పట్నుంచి వారానికి ఒక్కసారే వింటున్నాం.