పోట్లాట మానేసిన తోడికోడళ్ళు

అవనిగడ్డ బస్టాండు పక్కన కృపాకుమారి, ఆమె తోడికోడలు షీబా కలిసి టిఫిన్ సెంటర్ నడుపుతారు. రోజూ పెనం వేడెక్కకముందే వాళ్ళ గొడవ మొదలయ్యేది. చట్నీలో ఉప్పు, దోసె మందం, గరిటె పెట్టిన చోటు, ఏదైనా చాలు. వచ్చేవాళ్ళు సగం అట్టు కోసం, సగం ఆ మాటలు వినడం కోసం వచ్చేవారు.

భస్మ బుధవారం ఆరాధనలో పాస్టరుగారు, "మాంసం మానడం తేలికే. ఈ లెంటు ఉపవాస దినాలు నలభైలోనూ మీకు బాగా ఇష్టమైనదేదో అది మానండి," అన్నారు.

మర్నాడు షీబా దోసె మాడ్చింది. కృపాకుమారి ముఖం జేవురించింది. గుటక మింగి, "ఫర్వాలేదులే అమ్మా, కరకరలాడుతుంది," అంది.

షీబా ఉలిక్కిపడింది. పళ్ళు బిగించి, "మీరు ఎలా చెప్తే అలాగే అక్కా," అంది.

వారమంతా ఇదే వరస. కొట్లో నిశ్శబ్దం. రిటైరైన మాస్టారు గోవర్ధనరావుకి పెసరట్టు గొంతు దిగలేదు. వీళ్ళు విడిపోతున్నారని హడలిపోయి, తిన్నగా పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన వెంటనే స్కూటర్ మీద వచ్చారు.

"ఏమ్మా, ఏదన్నా గొడవా?"

"గొడవ లేదండీ, అదే కదండీ నా బాధ!" షీబా బావురుమంది. "లెంటుకని అక్కతో పోట్లాట మానేశానండీ. నాకు అంతకంటే ఇష్టమైంది ఇంకేముందండీ?"

కృపాకుమారి నోరు తెరిచింది. "ఓసి పిచ్చిదానా! నేను మానేసిందీ అదేనే!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని పిండి చేతులతోనే పగలబడి నవ్వారు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"ఆదివారాలు లెంటు లెక్కలోకి రావమ్మా," అన్నారు మెల్లగా.

ఆ ఆదివారం ఆరాధన అవగానే ఇద్దరూ ఆటో ఎక్కి పాలకాయతిప్ప సముద్రపు ఒడ్డుకి చేరారు. చెప్పులు విడిచి మోకాలిలోతు నీళ్ళలోకి దిగారు.

"నువ్వు రుబ్బిన పిండితో గోడకి సున్నం వెయ్యొచ్చే!"

"మీ అల్లప్పచ్చడి తిని మాస్టారికి రెండ్రోజులు మాట రాలేదు!"

అల వచ్చి ఇద్దరినీ నిలువునా తడిపింది. పడిపోకుండా చేతులు పట్టుకుని మళ్ళీ అరుచుకున్నారు. ఒడ్డున గవ్వలేరుకునేవాళ్ళు ఆగి చూశారు. గొంతులు బొంగురుపోయాక, తడిసిన చీరలతో ఆటోలో కూలబడ్డారు.

"అక్కా, పై వారానికి కొన్ని తిట్లు దాచుకోవాల్సింది," అంది షీబా ఆమె భుజం మీద తల వాల్చి.

"నా దగ్గర బోలెడున్నాయిలే," అంది కృపాకుమారి, ఆమె జుట్టులో ఇసుక దులుపుతూ.