అడ్డపొగ మానిన పోతమ్మ

విశాఖ పక్కన యారాడ అనే జాలరి ఊళ్లో మేం పళ్ల డాక్టర్లం క్యాంపు పెట్టిన రోజు పోతమ్మ అందరికన్నా చివర వచ్చింది. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్లుగా చేపల గంప మోస్తోంది. కింది పన్ను కదులుతోందని, పీకేస్తే చాలని చెప్పింది. చిగుళ్లు వాచి ఉన్నాయి, పళ్ల మొదట్లో గార రాయిలా పేరుకుంది. పన్ను తీశాక అంగిలి చూశాను. తెల్లగా మందమెక్కి ఉంది, మధ్యలో ఎర్రటి మచ్చ.

అడ్డపొగ తాగుతావా అని అడిగాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం అది. పెళ్లయిన ఏడాది నుంచీ తాగుతోందట. అలా అయితే సముద్రపు గాలికి నిప్పు ఆరదట.

తర్వాతి సోమవారం గాజువాకలోని నా క్లినిక్‌కి పిలిపించి, మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాను. క్యాన్సర్ లేదని రిపోర్టు వచ్చింది. కానీ పొగ మానకపోతే రావచ్చని ఆమెకు దాచకుండా చెప్పాను.

"మానేత్తే తగ్గిపోద్దా డాట్రమ్మా?"

"చాలామందికి తగ్గుతుంది. నీకూ తగ్గుతుందని మాటివ్వలేను."

"మాటివ్వనన్నావు కాబట్టే నమ్మతన్నాను. నాను మానేత్తాను."

ఆ మొదటి వారం ఎలా గడిచిందో తర్వాత కోడలు సాయిదుర్గ చెప్పింది. అన్నం సయించలేదట, అయినదానికీ కానిదానికీ కసురుకుందట. నోరు లాగినప్పుడల్లా బుగ్గన జీలకర్ర పెట్టుకుని ఒడ్డు వెంట నడిచేదట. పళ్లకు ఇటుకపొడి రుద్దడం మానేసి, మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా తోముకోవడం కూడా నేర్చుకుంది. మూడో నెల చూస్తే మచ్చ దాదాపు పోయింది. నా పదేళ్ల వైద్యంలో నలభై ఏళ్ల అలవాటును ఇలా వదిలించుకున్న మనిషిని నేను చూడలేదు.

ఆమె అక్కడితో ఆగలేదు. చేపలు అమ్మే ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఫోన్ లైటు వేసి ఒక్కొక్కరి నోరూ చూసింది. అప్పాయమ్మ అంగిట్లో నెలరోజులుగా మానని పుండు కనిపిస్తే, ఆమెను ఆటోలో నా దగ్గరికి తీసుకొచ్చింది. పరీక్షలో అది క్యాన్సరే అని తేలింది, అయితే తొలిదశ. ఆపరేషన్‌కు అప్పాయమ్మ భయపడితే, ఆసుపత్రిలో నాలుగు రోజులూ పోతమ్మే పక్కనుంది. ఇప్పుడు అప్పాయమ్మ మెత్తటి అన్నం తినగలుగుతోంది.

మొన్న పోతమ్మ ఫోన్ చేసింది. "నోట్లో మచ్చలున్నోళ్లు ఇంకా పదకొండు మంది ఉన్నారు డాట్రమ్మా. నువ్వొత్తావా, నన్నే తీసుకురమ్మంటావా?"

ఆదివారం నేనే వస్తానన్నాను.