అల్లం బిస్కెట్లతో కొలిచిన గుండె

మనుషులు ఎంతవరకు తెగిస్తారో కొలవడం మా వారి ఉద్యోగం. జనం మీదికి వెళ్ళే ముందు ఇంట్లో మా మీద సాధన చేస్తారు. ఆ రోజు వంటింటి బల్ల మీద అల్లం బిస్కెట్ల ప్లేటు పెట్టారు.

"ఖాయంగా రెండు తీసుకోవచ్చు. వద్దంటే నాణెం ఎగరేస్తాను. బొమ్మ పడితే నాలుగు, బొరుసు పడితే సున్నా. వచ్చినవి నా ముందే తినాలి."

నేను రెండూ తీసుకుని నమలడం మొదలుపెట్టాను. మా తోడికోడలు మాత్రం, "నాణెమే ఎగరేయండి బావగారూ!" అంది. ఖాయంగా ఇచ్చే రెండును మూడు చేసినా అదే మాట. బొరుసు పడింది. పకపకా నవ్వింది.

"ఓడిపోయి కూడా నవ్వుతోంది చూశావా! అదీ గుండె అంటే!" అన్నారాయన.

ఇక రోజూ అదే పాట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా గుండె గురించి ఆయన మాట్లాడింది ఒక్కసారే, అదీ డాక్టరుతో. ఆ బిస్కెట్లు నాకు ఇప్పటికీ అరగలేదు. పైగా ఆ అపురూపమైన గుండెను చూడ్డానికి ఆదివారం ఆయన పైఅధికారి కూడా వస్తున్నారట.

శనివారం టీలో అల్లం దంచి వేశాను. తోడికోడలు ముక్కు మూసుకుంది.

"బాబోయ్, అల్లమా అక్కా? నాకు ఆ వాసనే పడదు."

"మరి మొన్న బిస్కెట్లు?"

"బావగారు ముచ్చటపడి తెచ్చారు, వద్దని ఎలా అంటాను? ఏదో నాణెం పుణ్యమా అని బయటపడ్డాను."

వెంటనే చెప్పేస్తే మా వారి ముఖం వాడిపోవడం ఖాయంగా చూడొచ్చు. ఆగితే ఇంకా పెద్ద వినోదం దక్కొచ్చు, అసలేమీ దక్కకపోనూవచ్చు. ఆగాను. ఊరికే ఆగలేదు, ఆదివారం ప్లేటులో జీడిపప్పు బిస్కెట్లు పేర్చాను.

పైఅధికారి కుర్చీ ముందుకు జరుపుకున్నారు. మా వారు నాణెం పట్టుకుని లెక్క చెప్పడం పూర్తయిందో లేదో, తోడికోడలు చెయ్యి చాపేసింది.

"ఆ రెండూ ఇటివ్వండి బావగారూ, మధ్యలో నాణెమెందుకు!"

పైఅధికారి దగ్గారు. "మీరు చెప్పిన గుండె ఈవిడదేనా?"

"అల్లమైతే వేరే అండీ," అంది తోడికోడలు నోటినిండా బిస్కెట్‌తో.

మా వారు నీరసంగా నా వైపు తిరిగారు. "నీకెలాగూ రెండే కదా?"

"ఎగరేయండి," అన్నాను.

ఆయన నన్ను కాసేపు అలాగే చూశారు. అల్లం బిస్కెట్ల రోజు తర్వాత అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు.

బొరుసు పడింది. జీడిపప్పు బిస్కెట్లంటే నాకు ప్రాణం. అయినా నవ్వాను, తోడికోడలికన్నా గట్టిగా.