పగడానికి కాపలా

పొద్దున కాంపౌండరు మత్తయి ఆసుపత్రికి పోవడానికి సైకిలు బయటికి తీస్తే, తొట్టిలోని సముద్రం కూడా దిగి ఆయన వెంట వాకిలి దాకా వచ్చేది. గడప దాటేది కాదు. ఆయన సందు మలుపు తిరిగాక వెనక్కి పోయి తొట్టిలో సర్దుకునేది. "నన్ను మాత్రం ఎవురూ ఇట్ల సాగనంపరు," అని సణుగుతూ ఆయన భార్య చెన్నమ్మ ఆ తడి తుడిచేది. నంద్యాలలో ఆ సందు వాళ్లకు ఇది అలవాటే. పాలామె చెప్పులు తడవకుండా, నీళ్లు వెనక్కి పోయిందాకా ఆగి లోపలికి వచ్చేది.

తొట్టి నాపరాళ్లతో కట్టింది. గొడ్లు నీళ్లు తాగే తొట్టికీ దానికీ తేడా లేదు. మిద్దె గవాచిలోంచి దిగే ఎండ సూటిగా దాని మీద పడేట్టు పెట్టాడు మత్తయి. రైలు గార్డయిన బామ్మర్ది బాపట్ల సముద్రపు నీళ్లు టిన్నుల్లో తెచ్చిచ్చేవాడు. లారీ ట్యూబుకు గాలి కొట్టి సెలైన్ గొట్టం తగిలిస్తే నీళ్లలో సన్నగా బుడగలు లేచేవి. ఎండకు నీళ్లు తగ్గితే మంచినీళ్లే పోయాలి, ఉప్పు ఎటూ పోదు. ఈ సంగతి తెలియక మొదట్లో ఉప్పునీళ్లే పోసి చేపలన్నీ చంపుకున్నాడు. తూత్తుకుడి నుంచి వచ్చిన నర్సమ్మ దెబోరా సీసాలో పెట్టి ఇచ్చిన బొటనవేలంత పగడం ఒక్కటే బతికింది. అది ఏటికేడు కొమ్మలేసి ఎర్రటి పొదయింది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన సంవత్సరం, కొమ్మల కొనలు నీళ్ల పైకి వచ్చాయి. పెద్ద తొట్టి కావాల్సొచ్చింది. మత్తయి చిన్ననాటి స్నేహితుడు మాధవయ్య శెట్టికి ఆళ్లగడ్డలో బంగారు అంగడి ఉంది. ఆయనే మద్రాసు నుంచి అద్దాల తొట్టి, గాలి కొట్టే కరెంటు మోటారు తెప్పించాడు. తీరా తెస్తే ఆ తొట్టి మత్తయి ఇంటి వాకిట్లోంచి లోపలికి పట్టలేదు.

"గోడ పగలగొడదాం," అన్నాడు మత్తయి.

"బాడుగిల్లు ఇది. మన నెత్తి పగలగొడ్తాడు ఇంటాయన," అంది చెన్నమ్మ.

"నా అంగట్లో పెడదాం లే మత్తయన్నా," అన్నాడు మాధవయ్య. "యాడుంటే ఏముంది. నీది నీదే."

పగడాన్ని నీళ్లతోనే గంగాళంలో పెట్టుకుని ఆళ్లగడ్డ చేర్చారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం గుడిలో ప్రార్థన అయిపోగానే మత్తయి బస్సెక్కేవాడు. సాయంత్రం తిరిగి పోయేటప్పుడు సముద్రం అంగడి గడప దాకా వచ్చి ఆగేది. పగడం అద్దానికి గట్టిగా అతుక్కుని, మునుపటికన్నా వేగంగా పెరిగింది. తనకు తమ్ముడు లేని లోటు మాధవయ్య తీర్చాడని మత్తయి అందరికీ చెప్పుకున్నాడు.

ఆ వానాకాలం విషజ్వరాలు వచ్చి ఆసుపత్రి వదలడానికి లేకపోయింది. తీరిక చిక్కి పోయేసరికి పగడానికి పై కొమ్మలు లేవు. విరిగిన మోళ్లు తెల్లగా కనిపిస్తున్నాయి. గల్లా దగ్గర ఉయ్యాలవాడ రైతు ఒకాయన పగడపు ఉంగరం పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"కుజదోషం పోతాదా శెట్టీ?"

"ప్రాణముండే పగడమప్పా ఇది. ఇంగ యాడా దొరకదు," అన్నాడు మాధవయ్య.

రైతు పోయిందాకా మత్తయి నిలబడే ఉన్నాడు.

"ఏందీ పని శెట్టీ?"

"పెరిగేదే గదన్నా. మళ్లీ పెరుగుతాది."

"నాది నాకియ్యి. తీసకపోతా."

"అద్దం నాది, కరెంటు నాది, అంగడి నాది." మాధవయ్య కింది అరలోంచి సుత్తి తీసి గల్లా మీద పెట్టాడు. "అతుక్కునిండాది. ఇరగ్గొట్టి తీసకపో. నేనేం అడ్డం రాను."

మత్తయి సుత్తి ముట్టుకోలేదు. ఇంక ఈ గడప తొక్కకూడదనుకుని దిగి బస్టాండుకు నడిచాడు. నంద్యాల బస్సులో కూర్చున్నాక కండక్టరు వచ్చాడు.

"సామానుకు టికెట్ తీసుకో అప్పా."

"నాకేం సామానుంది?"

"నీ ఎంబడి వచ్చింది గదా. మెట్ల మీద నిలబడుకోనుంది."

మత్తయి చూశాడు. ఇన్నేళ్లుగా గడప దగ్గరే ఆగే సముద్రం బజారంతా దాటి వచ్చి, బస్సు మెట్టెక్కి, ఆయన పాదాల దగ్గరకు చేరుతోంది. చల్లగా, ఉప్పు వాసనతో. ఒక్క క్షణం ఆయనకు మాధవయ్య మీద గెలిచినట్టే అనిపించింది. మరుక్షణం అంగట్లో ఖాళీ అద్దాల మధ్య ఎండిపోతున్న పగడం మనసులో మెదిలింది.

"ఆపప్పా, దిగుతా," అన్నాడు.

ఆయన ముందు నడిచాడు, సముద్రం వెనక నడిచింది. అంగట్లోకి వచ్చి తొట్టి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నీళ్లు అద్దం ఎక్కి కొమ్మలను కప్పాయి. మాధవయ్య సుత్తి తీసి అరలో పెట్టుకున్నాడు. తన కళ్ల ముందు కొమ్మ విరిచే ధైర్యం శెట్టికి లేదని మత్తయికి అర్థమైంది. తను లేచి పోతే ఏమవుతుందో కూడా అర్థమైంది.

ఉద్యోగం మానేస్తున్నట్టు కబురు పంపాడు. చెన్నమ్మ ట్రంకు పెట్టెతో దిగి, అంగడి వెనక గదిలో శెట్టి బస్తాలన్నీ బయటికి నెట్టి పొయ్యి పెట్టుకుంది. మత్తయి మాధవయ్యతో మాట్లాడటం మానేశాడు.

మాధవయ్య మానలేదు. తొట్టి చూడటానికి గడివేముల నుంచి, కోయిలకుంట్ల నుంచి జనం వస్తుంటే మాధవయ్య ఆయన భుజం మీద చెయ్యేసి చెప్పేవాడు:

"మా మత్తయన్న. నా మీద ప్రేమతో మంచి ఉద్యోగం ఇడ్సిపెట్టి వచ్చినాడు. ఇట్లాంటోడు మీకెవురికన్నా ఉన్నాడా?"

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు మత్తయి వెళ్లిపోదామని స్టూలు మీంచి సగం లేచాడు. వెంటనే నీళ్లు అద్దం అంచు దాటి కిందికి జారడం మొదలుపెట్టాయి. పగడం కొన ఒకటి బయటపడింది.

"నిజమేనా అప్పా?" అని వచ్చినాయన అడుగుతున్నాడు.

మత్తయి మళ్లీ కూర్చుని, అవునని తలూపాడు.