వెళ్ళే ఊరు

“పెట్టె సర్దు గౌరీ. ఎక్కడికని మాత్రం అడక్కు.”

పెళ్ళయిన పదిహేనో రోజున మా ఆయన ఈ మాటంటే, చేతిలో చింతపండు గిన్నెతోనే వంటింట్లో గిరగిరా తిరిగాను. నా స్నేహితురాళ్ళలో ఒక్కదాని మొగుడికైనా ఇలాంటి సరదా ఉందా! మర్నాడు పొద్దున్న కిరండూల్ పాసింజరు ఎక్కాక గానీ అరకు అని తెలీలేదు. సొరంగం వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకునేవారు, వెలుతురు రాగానే ఎదుటి బెంచీ మీద ముసలాయన్ని చూసి వదిలేసేవారు. నేను తెచ్చుకున్నవన్నీ పల్చటి వాయిల్ చీరలు. అక్కడ దిగి గడగడా వణికిపోతే తన స్వెట్టరు నాకు తొడిగి, “ముందే చెప్పేస్తే మజా ఏటుంది?” అన్నారు. దాని చేతులు నా వేళ్ళు దాటి వేలాడుతుంటే ఎంత సంతోషమో. అబద్ధం ఎందుకు, ఆ మజా నాకూ నచ్చింది.

రెండోసారి మే నెలలో. ఈసారి తెలివిగా శాలువాలు సర్దాను. దిగింది పూరీలో. ఇసుక మీద కాలు పెడితే పెనం మీద పెట్టినట్టుంది. ఎన్నాళ్ళుంటామో కూడా తెలీదు కదా, రెండ్రోజులే అనుకున్నాను. నాలుగు రోజులట. మూడో రోజు పొద్దున్నే నెలసరి వచ్చింది. వెంట గుడ్డ ముక్క లేదు. లాడ్జి దుప్పటి పాడవుతుందని నేల మీద కూర్చుని, లంగా చింపుకున్నాను. ఆయన ఒక్కరే గుడికెళ్ళొచ్చి, ప్రసాదం నాకు తగలకుండా కిటికీలో పెట్టారు. “ముందే చెప్పొచ్చు కదా,” అన్నారు. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి. మీరూ చెప్పొచ్చు కదా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. పాపం, నన్ను సంతోషపెట్టాలనే కదా ఇంత ఖర్చు, ఇంత తాపత్రయం.

మొన్న మంగళవారం ఆయన భోజనం కారియర్ మరిచిపోయి ఆఫీసుకెళ్ళిపోయారు. “ఎల్లి ఇచ్చీసి రా పిల్లా, అన్నం సల్లారిపోతాది,” అన్నారు మా అత్తగారు నారాయణమ్మ గారు. నాకు అదో పండగ. సీతమ్మధారలో సిటీ బస్సెక్కి, కారియర్ ఒళ్ళో పెట్టుకుని, దారంతా షాపుల బోర్డులు చదువుకుంటూ వన్ టౌన్‌లో దిగాను. వాళ్ళాఫీసు మేడ కిటికీలోంచి ఓడల పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆయన ఏదో పని మీద జెట్టీకి వెళ్ళారట. టైపు మిషను ముందు కూర్చున్న ఆవిడ నన్ను చూసి నవ్వింది. ముప్ఫై ఐదేళ్ళుంటాయి. కనకాంబరాలు, చేతికి మగవాళ్ళ గడియారం. పేరు భ్రమరాంబ అని తర్వాత తెలిసింది.

“గౌరీశ్వరి గారు కదూ? భార్య, ఇరవై రెండేళ్ళు. టైపు చేసింది నేనే,” అంది. “ఊటీలో చలి బాగా ఉంటుందటండీ. మంచి శాలువా కొనుక్కోండి.”

ఊటీ! ఆ పేరు విని ఎగిరి గంతెయ్యాల్సిన నేను, కారియర్ పిడి పట్టుకుని నిలబడిపోయాను. ఈవిడకెలా తెలుసు? నాకు చెప్పని మాట, నా పక్కన పడుకుని కూడా చెప్పని మాట ఈవిడకెందుకు చెప్పారు? ఆ కనకాంబరాలు పీకి కిందపడేయాలనిపించింది. నవ్వు మొహం పెట్టుకుని, “మీకు చెప్పారా?” అన్నాను. నా గొంతు నాకే పుల్లగా తగిలింది.

“చెప్పడమేంటండీ, ఫారం ఇచ్చారు. ఎల్.టి.సి. కదా. నాలుగేళ్ళకోసారి ఆఫీసు ఖర్చుతో ఇంటిల్లిపాదీ తిరిగి రావచ్చు. కానీ వెళ్ళే ఊరు ముందే రాసివ్వాలి. మూడు వారాలైంది ఇచ్చి.”

ఆ ఫారంలో ఒక గడిలో ఊరి పేరు, కింద నా పేరు, నా వయసు. సామాన్ల జాబితాలో ఉన్నట్టున్నాను. “మీరెళ్ళారా ఎక్కడికైనా?” అని అడిగాను.

“పోయినేడు కన్యాకుమారి. మా ఆయన రోజుకో ఊరు చెప్పేవారు, పిల్లలు ఇంకోటి. ఫారం నాది కదా, నాకు నచ్చింది రాసేశాను,” అని కిలకిలా నవ్వింది.

అప్పుడు నాకు అసలైన అసూయ పుట్టింది. ఇందాకటిది పిల్లలాట. మా ఆయన ఆవిడకి చెబితే చెప్పారు గాక. ఆవిడ తన ఊరు తను రాసుకుంది! బస్సులో తిరిగొస్తూ ఒక్క బోర్డూ చదవలేదు.

“అత్తయ్యా, ఊటీట,” అన్నాను గుమ్మంలోనే.

“ఎవుడు సెప్పీసినాడు నీకు?” అన్నారావిడ వక్కలు కత్తిరిస్తూ.

“మీకూ తెలుసా?”

“తెలీకపోడవేటి? తారీకు ఎట్టిందే నాను. పూరీలో అయినట్టు మళ్ళీ అవకూడదని మావోడు నన్నడిగినాడు. నీ నెల లెక్కెట్టి, ఇరవై రెండో తారీకునుంచి అయితే బాగుంటాదని సెప్పాను. నీ గురించే కదే తల్లీ!”

నా ఒంటి లెక్క నా మొగుడు తల్లిని అడిగి తెలుసుకున్నాడు. అప్పుడు పక్కనే వంటింట్లో నేనున్నాను, బహుశా పప్పు రుబ్బుతూ.

సాయంత్రం ఆయన వచ్చి బూట్లు విప్పుతుంటే, “ఊటీ,” అన్నాను. మొహం చిన్నపిల్లాడిలా వాడిపోయింది.

“భ్రమరాంబ గారేనా? మజా అంతా పాడు చేసీసిందావిడ! నేనెంత అనుకున్నాను తెలుసా గౌరీ! ఆ తోటలో నిన్ను నిలబెట్టి ఫొటో తీద్దామని, పడవెక్కిద్దామని... మూడు వారాల్నుంచి రోజూ అదే ఆలోచన నాకు.”

“అవును. మీరు మూడు వారాల్నుంచి రోజూ ఊటీ వెళ్ళొస్తున్నారు. నేను ఒక్కరోజూ వెళ్ళలేదు.”

ఆయనకి అర్థం కాలేదు. చెప్పాను. తోట తలుచుకోవడం, చీర ఎంచుకోవడం, ఇంకా ఎన్ని రోజులున్నాయో వేళ్ళమీద లెక్కపెట్టుకోవడం, అదంతా మీరే దాచుకున్నారని, నాకు రైలెక్కాక మిగిలిందే ఇస్తున్నారని. మీ మీద నాకు కుళ్ళుగా ఉందని. నేనిలా మాట్లాడటం నేనే మొదటిసారి వింటున్నాను.

“నీకోసమే కదా గౌరీ చేసింది!”

“నాకోసమైతే నన్నడగండి. అడక్కపోతే నేను రాను.”

ఆయన రెండో బూటు కూడా విప్పి పక్కన పెట్టారు. “టిక్కెట్లు ఇంకా తియ్యలేదులే,” అన్నారు. “ఫారం కూడా మార్చుకోవచ్చు. సరే, నువ్వే చెప్పు. ఎక్కడికెళ్దాం?”

నోరు తెరిచాను. బి.ఏ.లో నేను చదివింది జాగ్రఫీ. కళ్ళు మూసుకుని దేశం పటం గీసి, నదులూ కొండలూ గుర్తించగలను. ఒక్క ఊరు పేరూ రాలేదు. ఇరవై రెండేళ్ళలో నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు. అడుగుతారని అనుకోలేదు కాబట్టి నేనూ ఏదీ కోరి పెట్టుకోలేదు.

“తెలీదు,” అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. “చూశావా మరి! అయితే ఊటీయే—”

“తెలీదన్నాను. ఊటీ అనలేదు. నాకు తెలిసేదాకా ఆ గడి ఖాళీగా ఉంచమనండి భ్రమరాంబ గారిని.”